మలుగుతో పొసగే చేపలు

చేపల దుకాణాయన ముందు మలుగు గురించి అడిగాడు. ఆమెకి ఏ చేపలు ఇష్టమో ఆ తర్వాత అడిగాడు. ఆ వరస ఆమెకి నచ్చలేదు.

“దాని వయసెంత ఉంటుందండీ ఇప్పుడు?”

“పెళ్లయిన ఏడాది తెచ్చింది,” అన్నాడు ఆమె భర్త.

ఎవరి పెళ్లి అని చేపలాయన అడగలేదు. ఆ ఇంటికి మొదటి ఇల్లాలు ఉన్నప్పటినుంచీ సముద్రపుప్పు, వడపోత దూది, మేతకి గడ్డకట్టించిన కణవ చేప ముక్కలు ఇస్తున్నవాడు. ఆవిడ పోయిందనీ తెలుసు, ఈమె వచ్చిందనీ తెలుసు. తెలిసినవాళ్లు చేసే మర్యాదే అతనూ చేశాడు, రెండూ తెలియనట్టు నిలబడ్డాడు.

దుకాణం నిండా తొట్లు. నీలం దీపాల కింద నీళ్లు బుడబుడలాడుతున్నాయి. నేలంతా తడి, ఉప్పు వాసన. పెద్దావిడ గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిణ్ని ఎవరూ రమ్మనలేదు. కారు తలుపు తీసేసరికి వెనక సీట్లో ఉంది, అంతే.

పెద్దావిడ ఆమె భర్త మొదటి భార్యకి తల్లి. ఆయనకి అత్తగారు. మరి ఈమెకి ఏమవుతుంది? చుట్టరికాలకి మన దగ్గర కొదవ లేదుగానీ, ఈ ఒక్కదానికి మాత్రం ఎవరూ పేరు పెట్టినట్టు లేదు. “ఇదిగోండి”, “చూడండి” అంటూ పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె నెట్టుకొస్తోంది. పెద్దావిడకి ఆ ఇబ్బంది కూడా లేదు. ఆవిడ అసలు పిలవనే పిలవదు.

చేపల ఆలోచన ఆమె భర్తది. గూడ్సు రైలు నడిపే మనిషి, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఉన్న రోజుల్లో హాల్లో గోడ పొడవునా ఉన్న ఆ అక్వేరియం వైపు చూడకుండా తిరుగుతాడు. మంచమంత తొట్టి, అందులో పాములా పొడుగాటి ముసలి మలుగు చేప ఒక్కటే. “నీకిష్టమైన చేపలు వేసుకో. రంగురంగులుగా ఉంటుంది. ఇల్లు నీదని అనిపించాలి కదా,” అన్నాడు పోయినవారం. ఆ చివరి మాట కోసమే ఆమె ఒప్పుకుంది. ఇల్లు ఆమెదని ఇంతవరకూ ఆ ఇంట్లో ఏ వస్తువూ ఒప్పుకోలేదు మరి.

“ఇది బావుంది,” అని నల్లటి ఒంటిమీద తెల్ల చుక్కలున్న ఒకదాన్ని చూపించింది.

“అది రౌడీ అమ్మా. మలుగు తోక కొరికి పెడుతుంది. ఈ సంబంధం మనకొద్దు.”

“పోనీ ఈ నీలం చిన్నవి?”

“ఇవి దాని నోట్లో పడతాయి. దాని నోటికన్నా చేప పెద్దదై ఉండాలి, ముందు చూసేది అదే.”

ఎర్ర మీసాల రొయ్యలు చూపిస్తే నవ్వాడు. “రొయ్యని చూస్తే ఏ మలుగూ ఊరుకోదండీ, సన్యాసం పుచ్చుకున్నా సరే.”

ఆమెకి కొంచెం ఒళ్లు మండింది. తన చేపలన్నీ ఆ మలుగుకి నచ్చాలి. దానికి ఇబ్బంది కలగకూడదు, దాన్ని కొరక్కూడదు, దాని తిండి లాక్కోకూడదు. అచ్చం తనని ఆ ఇంటికి ఎంచినప్పుడు చూసినట్టే చూస్తున్నారు.

చివరికి మూడు కుదిరాయి. పలకలా పలచగా ఉన్న పసుపు ట్యాంగ్ చేప ఒకటి, రెండయితే తన్నుకుంటాయట. నక్కలాంటి ముఖమున్న చేప ఒకటి, దాని ముళ్లకి విషం ఉంటుంది కాబట్టి ఎవరూ దాని జోలికి రారు. పెద్ద కళ్ల ఎర్ర చేప ఒకటి. వాటితోపాటు అద్దం మీద నాచు తినడానికి గుప్పెడు నత్తలు.

“కొత్తవాటిని వేసేముందు లోపలి రాళ్లు అటూ ఇటూ మార్చాలి,” అన్నాడు చేపలాయన. “లేకపోతే పాతది తొట్టంతా నాదే అనుకుంటుంది. మార్చేస్తే అందరూ ఒక్కసారే కొత్తవాళ్లవుతారు, పేచీ ఉండదు.”

“రాళ్లు కదపడానికి వీల్లేదు,” అంది పెద్దావిడ పీట మీద నుంచే. “మా అమ్మాయి పేర్చినవి.”

ఆమె భర్త నేల చూశాడు. ఆమె ఆయన వైపు చూసింది.

చేపలాయన గొంతు సవరించుకున్నాడు. “పోనీలెండి. పాతవి అలాగే ఉంచి, కొత్తరాళ్లు నాలుగు పక్కన పెడదాం. సముద్రంనుంచి నిన్ననే వచ్చాయి. కొత్తవాళ్లు వాటిల్లో దాక్కుంటారు.” ఇద్దరి మాటా నెగ్గించానన్న తృప్తితో సంచీలు కట్టడం మొదలుపెట్టాడు.

*

ఆ మధ్యాహ్నమే రాళ్లూ చేపలూ ఇంటికొచ్చాయి. తొట్టి మూత మీద ఇటుకలున్నాయి. మలుగు ఎంత ముసలిదైనా మూత సందు దొరికితే పైకి వచ్చేస్తుందట, వచ్చి నేలమీద ఎండిపోతుందట. చేపలాయన ఇటుకలు దించి, చేతులు మోచేతుల దాకా ముంచి, చిల్లులు చిల్లులుగా ఉన్న రాళ్లని ఎడమ వైపు అమర్చాడు. చేపలున్న సంచీలని నీళ్లమీద తేలనిచ్చాడు. ఆ తర్వాత సన్నగొట్టానికి ముడి వేసి, తొట్టి నీళ్లు ఒక్కొక్క చుక్కే సంచీలోకి పడేలా పెట్టాడు.

మలుగు కుడివైపు రాతికమాను కింద నుంచి తల బయటపెట్టింది. తెల్లటి ఒంటిమీద సిరా చిందినట్టు మచ్చలు, పసుపు ముక్కుగొట్టాలు. నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. ఊపిరి తీసుకోవడమే అదని ఆయన ఎన్నిసార్లు చెప్పినా, ఏదో చెప్పబోయి మానేస్తున్నట్టే ఆమెకి అనిపిస్తుంది. కళ్లమీద పాలపొర కమ్మింది.

“దీనికిప్పుడు చూపు లేదు,” అన్నాడు చేపలాయన. “వాసనే. ఆ అమ్మగారున్నప్పుడు మేత పెట్టే చిమటా కొసతో అద్దం మీద కొట్టేవారు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. కుక్కపిల్లలా వచ్చేసేదనుకోండి!” అన్నాక నాలిక కరుచుకుని ముడి సరిచేశాడు.

ఆ సాయంత్రం తొట్టిలో దీపం దానంతటది ఆరే వేళకి ఆమె వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. ఆయన మంచినీళ్ల గ్లాసు ఎత్తాడు.

టక్, టక్. కాస్త ఆగి, టక్.

ఆయన చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. కత్తి ఆమె చేతిలో ఆగిపోయింది. పెద్దావిడ సగం దువ్విన జుట్టుతో గదిలోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఎవరూ ఎవరినీ చూడలేదు. ఆయన నీళ్లు తాగేసి, రేపటి డ్యూటీకి బూట్లు ఎక్కడున్నాయని అడిగాడు. ఎప్పుడూ ఉండేచోటే ఉన్నాయంది ఆమె. పెద్దావిడ లోపలికి వెళ్లిపోయింది.

పెద్దావిడే కొట్టిందని ఆమె అనుకుంది. తనని బెదరగొట్టడానికి ఇదో ఎత్తు. ఆవిడ గదిలో ఉన్న సంగతి గుర్తొచ్చినా, ఏదో ఉపాయం పన్నే ఉంటుందని మనసుకి సర్దిచెప్పుకుంది. మనిషి మీద కోపంగా ఉండటం తేలిక. పోయినావిడే కొడుతోందని నమ్మడం అంత తేలిక కాదు.

ఆయన డ్యూటీకి వెళ్లిన మర్నాడు తెల్లవారుతుండగా మళ్లీ వినిపించింది. ఈసారి దొరకబుచ్చుకోవాలని ఆమె చప్పుడు లేకుండా హాల్లోకి వచ్చింది. పెద్దావిడ తొట్టి ముందు కుర్చీలో కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. చిమటా గోడ మేకుకి వేలాడుతోంది. టక్ టక్ మని చప్పుడు అద్దం అవతల నుంచి వస్తోంది. ఆవిడ ముఖంలో భయం లేదు. కూతురు పక్కగదిలో పని చేసుకుంటుంటే ఆ అలికిడి వింటూ కూర్చున్న తల్లి ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆమె వెనక్కి అడుగులు వేసి మంచమెక్కి దుప్పటి కప్పుకుంది. భయం వేసింది. దానికన్నా ఎక్కువగా సిగ్గు వేసింది, ఎందుకో తెలియలేదు.

*

ఎర్ర చేప కనిపించకుండా పోయింది. రాళ్లలో దాక్కుందేమో అనుకుంది. పనికి వెళ్లొచ్చేసరికి అడుగున ఇసుకలో ఎర్రటి రెక్కముక్క ఒకటి దొరికింది. తర్వాత పసుపుది పోయింది. ఆమె దాన్నే ఎక్కువ ఇష్టపడింది. పొద్దున్నే దీపం వెలగగానే అద్దం దగ్గరికి వచ్చి ఆమె వేలి వెంట తిరిగేది. ఆ ఇంట్లో ఆమె రాకకోసం ఎదురుచూసిన ప్రాణి అదొక్కటే.

ఆయన డ్యూటీ దిగి వచ్చి ఖాళీ నీళ్లు చూశాడు. “దీని పనే,” అన్నాడు కమాను వైపు చూసి. చేపలాయనకి ఫోను చేస్తే, అతను కూడా నసిగాడు. ముసలితనంలో కొన్ని మలుగుల బుద్ధి మారుతుందట. తన దుకాణంలో విడిగా ఉంచుతానని, ఎల్లుండి పొద్దున వచ్చి తీసుకెళ్తానని చెప్పాడు.

“దాన్ని పంపితే నన్నూ పంపు,” అంది పెద్దావిడ. కేక వెయ్యలేదు. అన్నం కలుపుతూనే అంది. “మా తమ్ముడింటికి పోతాను. మా అమ్మాయిది అంటూ ఈ ఇంట్లో ఊపిరి తీసుకునేది అదొక్కటే ఉంది.”

“అలా అంటే ఎలా అత్తయ్యా? తను ముచ్చటపడి తెచ్చుకున్న చేపలు...”

“నేనేమన్నా కాదన్నానా? పంపమంటున్నాను.”

ఆయన మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఆమె వంచిన తల ఎత్తలేదు. ఎత్తితే తన ముఖంలో సంతోషం కనిపిస్తుందని భయం. నిజంగానే సంతోషం కలిగింది. పెద్దావిడ గది కిటికీకి లేతరంగు తెర వేసినట్టు, అక్కడ తన కుట్టుమిషను పెట్టుకున్నట్టు, కంచం ముందు కూర్చునే ఊహించేసుకుంది.

*

మర్నాడు పని నుంచి వచ్చి ఆమె తొట్టి అద్దం తుడవడానికి కూర్చుంది. మిగిలిన నక్కముఖం చేప నీళ్ల పైవరసలో ఒక మూల బిక్కుబిక్కుమంటూ ఉంది. కొత్తరాళ్ల ముందు ఇసుక మీద ఖాళీ నత్తగుల్లలు పడున్నాయి. ఒకదాన్ని చిమటాతో పైకి తీసి అరచేతిలో పెట్టుకుంది.

ఆమె కళ్లద్దాల దుకాణంలో లెన్సులు అరగదీస్తుంది. రోజంతా అద్దం అంచుల్ని వేలితో తడిమే పని. ఒత్తిడికి విరిగిన అద్దం వేరు, దెబ్బకి పగిలిన అద్దం వేరు. దెబ్బ తగిలితే ఒక్కచోట గుంత పడి, దాని చుట్టూ బీటలు పాకుతాయి. గుల్ల మీద సరిగ్గా అలాంటి గుంత ఉంది. ఇంకోటి తీసింది. దానిమీదా అదే. పళ్లు మొద్దుబారిన గుడ్డి మలుగు నత్తని సుత్తి పెట్టి కొట్టదు కదా?

దీపం ఆరే వేళకోసం కాచుకుంది. వెలుగుకి లోపలివి బెదరకుండా టార్చికి ఎర్రటి కవరు చుట్టి కొత్తరాళ్ల ముందు నేలమీద కూర్చుంది. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు ఒక రాతి కన్నంలోంచి కాడలమీద రెండు కళ్లు బయటికొచ్చాయి. ఒకటి ఇటు చూస్తుంటే ఒకటి అటు చూస్తోంది. వెనక ఆకుపచ్చా ఎరుపూ కలిసిన ఒళ్లు. అరచేయంత రొయ్యలాంటి జీవి. పక్కనే పాకుతున్న నత్తని ముందుకాళ్లతో దగ్గరికి లాక్కుని, మోకాళ్లతో పొడిచినట్టు కొట్టింది. ఆ దెబ్బ కంటికి ఆనలేదు, చప్పుడే వినిపించింది. టక్, టక్. నత్తని తిప్పి చూసుకుని, టక్.

ఇన్నాళ్లూ ఇంటిల్లిపాదినీ నిలబెట్టేసిన చప్పుడు ఇదన్నమాట. దయ్యమూ లేదు, పోయినావిడా లేదు. కొత్తరాతిలో దూరి వచ్చిన రొయ్య. ఆమెకి నవ్వు రావాల్సింది. బదులుగా ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది.

ఆయన స్నానం చేసి వచ్చి “ఏం చేస్తున్నావు చీకట్లో?” అన్నాడు.

“అద్దం తుడుస్తున్నా,” అంది.

ఆ మాట నోట్లోంచి వచ్చాక తెలిసింది, తను చెప్పదలచుకోలేదని. అబద్ధం ఆడక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. రేపు మలుగు పోతుంది, దాని వెనక పెద్దావిడ పోతుంది. ఆ తర్వాత ఎప్పుడో తీరిగ్గా, ఇదిగో ఈ రొయ్యండీ అని కనిపెట్టొచ్చు. పడుకున్నాక కూడా ఆ లెక్కలో తప్పు దొరకలేదు. నిద్ర మాత్రం దగ్గరికి రాలేదు. గోడ అవతల చప్పుడు వినిపించినప్పుడల్లా పక్కన ఆయన ఊపిరి బిగబట్టడం తెలుస్తూనే ఉంది.

*

పొద్దున పెద్దావిడ గది తలుపు తెరిచే ఉంది. పెట్టె సర్దుకుంటోందేమో అని ఆమె అటుగా వెళ్తూ చూసింది. పెట్టె మంచం కిందే ఉంది. ఆవిడ ఉతికిన బట్టలు మడతపెట్టి ఎప్పటిలా అలమరలో పెట్టుకుంటోంది.

చేపలాయన పెద్ద బక్కెట్టు, వల తెచ్చాడు. ఇటుకలు ఒక్కొక్కటే దించాడు. ఆయన గోడకానుకుని నిలబడి, “అత్తయ్యా, మీరు లోపలికి వెళ్లండి, చూడలేరు,” అన్నాడు.

“పర్లేదు. తీసుకెళ్లనీ,” అంది పెద్దావిడ.

“మరి మీరు...”

“నేనెక్కడికి పోతాను? మా తమ్ముడికీ వాడి ఇబ్బందులు వాడికుంటాయి. ఇక్కడే ఉంటాను. తీసుకెళ్లు బాబూ.”

ఆమెకి ముఖంమీద ఎవరో చరిచినట్టయింది. ఆవిడ ఉండిపోతోందన్న బాధ కాదది. ఈ ముసలామె తలదాచుకునే చోటు కోసం, కూతురి మలుగుని కూడా వదిలేసుకుంటోంది. ఇంతదాకా తెచ్చింది తనే. వల నీళ్లలోకి దిగింది. మలుగు గుడ్డితల ఎత్తి, వలని తిండి అనుకుని వాసన చూస్తూ ముందుకొచ్చింది.

“అది కాదు!” అంది. ఆమె వలకి చెయ్యి అడ్డం పెట్టింది. “చేపల్ని చంపింది అది కాదు. కొత్తరాళ్లలో ఏదో ఉంది. రొయ్యలాంటిది. నేను చూశాను.”

చేపలాయన వల తీసేశాడు. ఆమె అందించిన గుల్లని చూడగానే అతని ముఖం పాలిపోయింది. “సుత్తిరొయ్య! నా రాయితోనే వచ్చింది. చేపల్ని ఒకటికి పదిసార్లు వడగట్టానమ్మా, రాయిని చూడలేదు. ఏ రాయి?”

“చీకట్లో చూశాను, సరిగ్గా తెలీదు.”

“నాలుగూ తీసెయ్,” అన్నాడు ఆయన కోపంగా. “బయటపడేసి వేణ్నీళ్లు పొయ్యి. ఏదుంటే అది చస్తుంది.”

“వద్దు!”

ముగ్గురూ తిరిగి చూశారు. పెద్దావిడ తొట్టి దగ్గరికి వచ్చి అద్దానికి అరచెయ్యి ఆనించింది.

“నాలుగూ తియ్యక్కర్లేదు. ఎడమ చివర రాయి. కింది కన్నం. దాన్ని చంపొద్దు.”

“మీకు తెలుసా అత్తయ్యా?”

“మొదట్లోనే చూశాను.”

“తెలిసీ మలుగుని తీసుకెళ్లమన్నారా? ఊపిరున్నది అదొక్కటే అన్నారు కదా?”

“అన్నాను. దాన్ని వదులుకోవాలంటే నాకూ ఒక రోజు పట్టింది.” ఆవిడ అద్దం మీదనుంచి చెయ్యి తియ్యలేదు. “మలుగు నన్ను పిలవదు కదయ్యా.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. “నాకు ఇంజన్లో కూడా వినపడేది,” అన్నాడు. “అంత మోతలో. నాకొక్కడికే అనుకున్నాను.”

“నాకూ వినపడేది,” అంది ఆమె.

చేపలాయన తలవంచుకుని పని చేసుకున్నాడు. ఎడమ చివరి రాయిని బక్కెట్టు మీద పట్టుకుని, కింది కన్నంలోకి సన్నగొట్టంతో మంచినీళ్లు వదిలాడు. ఉప్పులేని నీళ్లకి అది ఓర్చుకోలేదు. ఉక్కిరిబిక్కిరై సముద్రపు నీళ్లున్న బక్కెట్లో దబ్బున పడింది. ఆకుపచ్చ, ఎరుపు, అంచుల్లో నీలం. తెచ్చుకున్న చేపలన్నిటికన్నా అందంగా ఉంది.

“చిన్న పెట్టె పెడితే బతుకుతుంది,” అన్నాడు నెమ్మదిగా.

“మీ గదిలో పెట్టిద్దామా అత్తయ్యా?” అన్నాడు ఆయన.

పెద్దావిడ వంగి దాన్ని చూసింది. “వద్దు. నాకొక్కదానికే తెలిసినన్నాళ్లూ సరే. ఇప్పుడది రొయ్య.”

బక్కెట్టు మూత బిగిసింది. అతను మెట్లు దిగుతుంటే లోపలినుంచి ప్లాస్టిక్ గోడ మీద చప్పుడు మొదలైంది. తొట్టిలో ఉన్నప్పటికన్నా గట్టిగా, తొందరగా. పెద్దావిడ చెప్పులు కూడా వేసుకోకుండా ఆ వెనకే నడిచింది.

“కూతుర్ని తీసుకెళ్లిన రోజు గదిలోంచి బయటికి రాలేదావిడ,” అన్నాడు ఆయన ఎవరితోనో చెప్పినట్టు. “తలుపు కొట్టినా తియ్యలేదు.”

ఆమె పరుగులాంటి నడకతో మెట్లు దిగింది. గేటు దగ్గర వ్యాను కదిలిపోయింది. పెద్దావిడ వీధిలోకి చూస్తూ నిలబడింది. వ్యాను మలుపు తిరిగాక కూడా అలాగే ఉంది. తర్వాత చివరి మెట్టు మీద కూర్చుంది. ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలింది.

“నేను నిన్ననే చూశాను,” అంది ఆమె. “మీరు వెళ్లిపోతారన్న ఆశతో చెప్పలేదు.”

“తెలుసు. టార్చి పట్టుకుని కూర్చున్నావుగా, గుమ్మంలోంచి చూశాను. నువ్వు చెప్పవులే అన్న ధీమాతో పడుకున్నాను.” పెద్దావిడ కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అంది. “ఎందుకు చెప్పావు?”

ఆమె తను కూర్చున్న మెట్టు అంచుని వేలితో తడిమింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఎవరినీ అడగని మాట అడిగింది.

“మీ అమ్మాయి కొడితే అచ్చం అలాగే ఉండేదా?”

“లేదు,” అంది పెద్దావిడ. “మా అమ్మాయి చాలా మెల్లిగా కొట్టేది. దీనికీ దానికీ పోలికే లేదు.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “అయినా లేచి వచ్చేదాన్ని.”